మూడో అంతస్తుకి మంచం

ఫోటోలు తీయడం అయిపోగానే రమణమూర్తిని మంచం మీంచి దించేశారు.

ఇద్దరు మనుషులు చెరో చంకలో చెయ్యి వేసి, ఇంకొకడు కాళ్ళు పట్టుకుని, లారీలోంచి సిమెంటు బస్తాను దించినట్టు దించి గచ్చు మీద పడుకోబెట్టారు. పరుపు చుట్ట చుట్టారు. మంచాన్ని పక్కకి వాల్చి గుమ్మం దాటించారు. గోడకి ఆనించిన ఇనప బీరువా, వంటగదిలో పెట్టిన గ్యాసు పొయ్యి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, అన్నీ దాని వెనకే మెట్లు దిగిపోయాయి. పావుగంట క్రితం ఆ గదిలోనే గురునాథరావు రమణమూర్తి భుజం మీద చెయ్యి వేసి, కెమెరా వైపు చూసి నవ్వాడు. "నిలువ నీడ లేనివాళ్ళకి ఇల్లు దొరికింది, ఇంటికి సామాను మేమిస్తున్నాం" అని పక్కనున్న కంపెనీ పెద్దలకి చెప్పాడు. వాళ్ళు తలలూపారు. ఇప్పుడు వాళ్ళ కార్లు పెందుర్తి రోడ్డెక్కేశాయి.

దేముడమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బాబూ, మంచం ఎక్కడికట్టుకెల్తన్నారు?"

"పక్క బ్లాకులో ఫోటో తియ్యాలమ్మా. సాయంత్రం పంపించేత్తారు" అన్నాడు కాళ్ళు పట్టుకున్నవాడు, ఆమె మొహం చూడకుండా.

పక్క బ్లాకులో తీశారు. ఆ పక్క బ్లాకులోనూ తీశారు. అవే ఆరు మంచాలు, అవే ఆరు బీరువాలు, కాలనీలో ఉన్న తొంభై ఆరు ఇళ్ళూ తిరిగి, మధ్యాహ్నానికి వచ్చిన వ్యానే ఎక్కి వెళ్ళిపోయాయి. సాయంత్రం ఏమీ రాలేదు. మర్నాడూ రాలేదు.

రమణమూర్తికి కుడిపక్క పడిపోయి ఆరు నెలలు దాటింది. మాట సగమే వచ్చేది. ఆ రాత్రి దేముడమ్మ అతన్ని ఒత్తిగిల్లజేసి, వీపు మీది పుళ్ళకి మందు రాస్తుంటే, "మెత్తగుంది" అన్నాడు. ఏది మెత్తగా ఉందో ఆమెకి మొదట అర్థం కాలేదు. పొద్దున్న పావుగంట పడుకున్న పరుపని అర్థమయ్యాక, తన పాత చీర మడతపెట్టి అతని వీపు కింద దూర్చింది.

ఈ మొగుడూ పెళ్ళాలెవరో చెప్పాలి. రణస్థలం దగ్గర పల్లెలో ఉన్న ఎకరం అమ్ముకుని ముప్ఫై ఏళ్ళ క్రితం విశాఖపట్నం వచ్చారు. అతను పోర్టులో కళాసీ. ఓడల్లోంచి దిగే బొగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగేదాకా పని చేశాడు. ఆమె పూర్ణా మార్కెట్లో ఎండు నెత్తళ్ళ చేపలు అమ్మేది. పాతపట్నం చివర కొయ్యలపేటలో రెండు గదులు కట్టుకున్నారు. ఆ పేటలో సగం వడ్రంగం పని చేసే ముసల్మానులు, సగం వీళ్ళలాగా ఊళ్ళొదిలి వచ్చిన రైతుకూలీలు. పోర్టుకి రోడ్డు వెడల్పు చేయాలన్నారు. ఒక ఉదయం యంత్రాలొచ్చాయి. యంత్రాలు గురునాథరావువి. కూల్చే కాంట్రాక్టు అతనిదే. కూల్చే ముందు సామాన్లన్నీ లారీలకెక్కించారు. ఆ లారీలూ అతనివే. "మీ సామాను గోడౌన్లో భద్రంగా ఉంటుంది. ఇళ్ళిచ్చిన రోజు ఎవరిది వాళ్ళకి అప్పజెప్తాం" అని మైకులో చెప్పింది కూడా అతనే.

పద్నాలుగు నెలలు రోడ్డునే బతికారు. కొన్నాళ్ళు వంతెన కింద ఉన్నారు. కొన్నాళ్ళు రైలు పట్టాల పక్క గోడకి టార్పాలిన్లు కట్టుకుని ఉన్నారు. ఆ గోడ పక్కనే, డిసెంబరు చలిలో, తడి నేల మీద రమణమూర్తికి పక్షవాతం వచ్చింది. ఎండాకాలం పోయాక పెందుర్తి అవతల కొండ కింద ఇళ్ళిచ్చారు. నాలుగు గోడలు, ఒక కుళాయి, ఒక బల్బు. సామాను ఏదని అడిగితే, వానలకి పాడైపోయిందన్నారు. ఇంతలో గురునాథరావు తన పేరు మీద ఒక సేవా సమితి పెట్టాడు. కంపెనీల దగ్గర సేవా నిధులు తెచ్చి, ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళకి ఇంటి సామాను ఇస్తానన్నాడు. ఇల్లు పడగొట్టినవాడు ఇల్లు నింపుతానని వచ్చాడు.

ఫోటో తీసిన తొమ్మిదో రోజు రమణమూర్తి పోయాడు. పుళ్ళు ఎముకదాకా పోయాయని, ఆ విషం ఒళ్ళంతా పాకిందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. శవాన్ని ఇంటికి తెచ్చి పడుకోబెట్టినప్పుడు, కింద అంతస్తులో ఉండే నూరున్నీసా వచ్చి దేముడమ్మ పక్కన కూర్చుంది. దేముడమ్మ ఏడవడం లేదు. గచ్చునే చూస్తోంది.

"పానం పోయీటప్పుడు మనిషిని మంచం దించుతారు మా వోళ్ళు" అంది. "ఈళ్ళు పానముండగానే దించీసినారు. ఆ రోజే సంపీసినారు. నాను ఈయాల సూత్తన్నాను, అంతే."

నూరున్నీసా కుట్టుపని చేసి చేసి బిరుసెక్కిన తన చేత్తో ఆమె చేతిని పట్టుకుని కూర్చుంది.

పదో రోజు కర్మ అయ్యాక, సి బ్లాకు మెట్ల దగ్గర జనం పోగయ్యారు. ఎవరూ పిలవలేదు. కర్మకి వచ్చినవాళ్ళు వెళ్ళలేదు, అంతే. మెట్ల మీద ఆడవాళ్ళు, కింద ఇసకలో మగవాళ్ళు.

పెద్దమనిషి తాతబాబు ముందు లేచాడు. అప్పటికి రెండుసార్లు ఇళ్ళిచ్చిన ఆఫీసుకి వెళ్ళి వచ్చినవాడు.

"నాను ఎల్లినాను. అడిగినాను. ఆఫీసరు కాగితం తీసి సూపించినాడు. అందులో మన సంతకాలున్నాయి, ఏలిముద్రలున్నాయి. ఫోటోలున్నాయి. ఇంకేటి సెప్పమంటారు నన్ను?"

నూరున్నీసా కూతురు సుమయ్యా డిగ్రీ చదువుతోంది. ఆ కాగితానికి నకలు తీయించి తెచ్చింది. లేచి నిలబడి చదివింది. "మంచము, పరుపు, బీరువా, పొయ్యి, మిక్సీ, ఫ్యాను, వంట పాత్రలు, దుప్పట్లు, పైన తెలిపిన గృహోపకరణములన్నియు నాకు పూర్తిగా అందినవి. ఇవి నా స్వంతము." కింద తొంభై ఆరు పేర్లు. అయిదో పేరు రమణమూర్తిది. ఎడం చేతి బొటనవేలి ముద్ర.

"ఫోటో దిగాలంటే ముందు సంతకం ఎట్టాలన్నారు. ఎట్టీసినాం" అందొక ఆడమనిషి.

"అయిందేదో అయింది" అన్నాడు తాతబాబు. "ఇల్లిచ్చినారు. అదే పదివేలు. గొడవెట్టుకుంటే రేపు ఇల్లూ లాక్కుంటారు. మళ్ళీ ఆ గోడ పక్కకి ఎల్లిపోదావా? నా వల్ల కాదు. నాకు అరవయ్యైదేళ్ళు."

కొందరు అవునన్నారు. కొందరు కాదన్నారు. గోల పెరిగింది. అప్పుడు షరీఫ్ లేచాడు. నూరున్నీసా భర్త. నలుగురిలో మాట్లాడే అలవాటు లేని మనిషి. గోల తగ్గేదాకా నిలబడ్డాడు.

"తాతబాబు బావా, రమణ బావని పడుకోబెట్టిన మంచం కొత్తది కాదు. రంగేసినారు. దాన్ని పక్కకి తిప్పి మెట్లు దించినప్పుడు పట్టె కింద సూసినాను. మా అబ్బా నేర్పిన ఉలి గుర్తు ఉంది, మూడు గాట్లు. అది నాను సేసిన మంచమే. మద్ది కర్ర. కొయ్యలపేటలో ఆ కొలత మంచం ఒక్కరికే సేసినాను."

"ఎవరికి?" అన్నాడు తాతబాబు.

"నీకే. పొడుగు మనిషివని నాలుగంగుళాలు ఎక్కువ పెట్టినాను, గుర్తులేదా?"

తాతబాబు మెట్టు మీద కూలబడ్డాడు. మన సామాను వానకి పాడవలేదన్న మాట ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి పాకింది. మన సామానుకే రంగు పూసి, మనకే దానమని చూపించి, మన చేతే సంతకం పెట్టించి, మళ్ళీ పట్టుకుపోయాడు.

దేముడమ్మ తమ్ముడు గోపి వెనక నిలబడి వింటున్నాడు. గాజువాక ఆటోనగర్లో మూటలు మోసే కళాసీ అతను. జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు.

"ఆడి గోడౌన్లో మా జట్టే ఎగుమతి దిగుమతి సేత్తాది. ఎనక షెడ్డులో మంచాలు, బీరువాలు పైకప్పు దాకా ఎట్టినారు. ఇద్దరు పెయింటర్లు రోజూ రంగులేత్తన్నారు. లారీల్లో ఒడిశా ఎల్తన్నాయి, అమ్మకానికి. అయ్యి మీయని నాకేటి ఎరిక అప్పా? ఎరికైతే ముట్టుకుందునా?"

దేముడమ్మ లేచింది. పది రోజులుగా ఆమె నలుగురిలో మాట్లాడలేదు.

"నాకు మంచమొద్దు" అంది. "మంచం మీద పడుకునీ మనిషే నేకుండా పోనాడు. నాకు ఆడు కావాల. నెత్తళ్ళు కోసీ కత్తిపీట ఉంది నా దగ్గిర. ఆడు ఎక్కడుంటాడో సెప్పండి సాలు. మీరెవరూ రానక్కర్నేదు."

"నువ్వు ఆణ్ణి నరికితే ఆడి కొడుకు ఆ గోడౌన్ నడుపుతాడు" అంది నూరున్నీసా. "నా కుట్టుమిషను అక్కడే ఉంటాది. నువ్వు జైల్లో ఉంటావు."

"ఉంటాను. నీకేటి?"

"నీ పగ నీ ఒక్కదానిదే అనుకుంటన్నావా అప్పా?" నూరున్నీసా గొంతు లేచింది. "వంతెన కింద మా అత్త సచ్చిపోయినాది. మీద కప్పడానికి గుడ్డ నేదు. దారిన పోయే ఆటోవాణ్ణి దుప్పటి అడిగినాను. నా ఇంట్లో ఎనిమిది దుప్పట్లు, నా సేత్తో కుట్టినవి, ఆడి లారీలో ఎల్లిపోనాయి. నాకు మండదా? ఈళ్ళకి ఎవరికి మండటం లేదో అడుగు. ఇంతమంది మంటని నీ ఒక్క కత్తిపీటకి ఇచ్చీమంటావా?"

 దేముడమ్మ మెట్ల మీదున్న ఒక్కొక్కరి మొహం వరసగా చూసింది.

"సరే" అంది. "అందరం ఎల్దాం. సామానంతా తెచ్చుకుందాం. కానీ ఒకటి. ఆడొచ్చీదాకా నాను అక్కడ్నించి కదల్ను. ఆ మంచం దించినోళ్ళు కూలోళ్ళు, ఆళ్ళమీద నాకు కోపం నేదు. దించమన్నోడు మొయ్యాల. నా గుమ్మం దాకా ఆడే మొయ్యాల. దానికి ఒప్పుకుంటేనే నాను మీతో వత్తాను."

తాతబాబు తలెత్తాడు. "ఒప్పుకున్నాం" అన్నాడు. అందరికంటే ముందు అన్నాడు.

గురువారం ఉదయం పది గంటలకి ఆటోనగర్ గోడౌన్ ముందు ఆటోలు ఆగడం మొదలైంది. పెందుర్తి నుంచి ఎన్‌ఏడీ కూడలి మీదుగా వచ్చిన బస్సుల్లోంచి కొందరు దిగారు. రెండు వందల మంది దాకా అయ్యారు. ఉక్కు ఫ్యాక్టరీలో రాత్రి పని ముగించి గాజువాక చేరిన కాంట్రాక్టు కార్మికులు, విషయమేమిటని అడిగి, టీ గ్లాసులు కింద పెట్టి కలిశారు. వాళ్ళలో ఆరేడుగురు కొయ్యలపేటలో పుట్టినవాళ్ళే.

మేనేజరు బయటికొచ్చి చూసి, గోపి జట్టుని కేకేశాడు. "ఆ ఆడవాళ్ళని బయటికి నెట్టి గేటెయ్యండి."

కళాసీలు పద్నాలుగుమంది. తలగుడ్డలు విప్పి భుజాన వేసుకున్నారు. గోపి గేటు తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"మేం మూటలు మోత్తాం బాబూ. మనుసుల్ని తొయ్యం" అన్నాడు.

మేనేజరు ఫోను తీసుకుని గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. జనం లోపలికి వెళ్ళారు.

వెనక షెడ్డు తలుపు తీయగానే ముందున్నవాళ్ళు ఆగిపోయారు. వెనకవాళ్ళు తోస్తున్నా ముందుకి పోలేకపోయారు. తమ పేట పేటంతా అక్కడ ఉంది. ఒకదాని మీద ఒకటి పేర్చి, తిరగేసి, దుమ్ము పట్టి ఉంది. పద్నాలుగు నెలలు రోడ్డు మీద పడుకున్న మనుషులు తమ మంచాలు ఇక్కడ చల్లగా, పొడిగా, కప్పు కింద పడుకుని ఉండడం చూశారు. ఒక ముసలమ్మ తన బీరువా అద్దంలో తన మొహం చూసుకుని, చిక్కిపోయానని ఏడ్చింది. నూరున్నీసా కుట్టుమిషను కింది వరుసలో ఉంది. చక్రం తిప్పి చూసింది. తిరిగింది. ఆమె దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

గిన్నెలు మూల కుప్పగా పోసి ఉన్నాయి. అక్కడ తగువు పడాల్సిన పనిలేకపోయింది. ప్రతి గిన్నె మీదా ఎవరి పేరు వాళ్ళు ఎప్పుడో చెక్కించుకున్నవే. సుమయ్యా ఒక్కొక్కటే ఎత్తి పేరు చదువుతుంటే, పేరుగలవాళ్ళు వచ్చి తీసుకున్నారు. ఒక ఇత్తడి బిందె ఎత్తి ఆ పిల్ల ఆగింది. "దేముడమ్మ, రమణమూర్తి" అని మెల్లగా చదివింది. దేముడమ్మ బిందె తీసుకుంది. మొగుడి పేరు మీద దుమ్ము కొంగుతో తుడిచింది. తుడుస్తున్నప్పుడు ఆమె పళ్ళు నూరడం పక్కనున్నవాళ్ళకి వినబడింది.

ఒడిశా పోవడానికి అక్కడ ఆగి ఉన్న లారీలకి సగం సామాను ఎక్కేసరికి గురునాథరావు కారు వచ్చింది. అతని వెంట ఇద్దరున్నారు. జనాన్ని చూసి ఆ ఇద్దరూ కారు దిగలేదు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడతను. నవ్వుతూనే అన్నాడు. "పట్టపగలు దొంగతనమా? అడిగితే ఇవ్వనా? నేను మీవాణ్ణి కాదా?"

సుమయ్యా కాగితం నకలు చూపించింది. దేముడమ్మ దాన్ని తీసుకుని అతని మొహం ముందు పెట్టింది. ఆమెకి చదువు రాదు. అందులో ఏముందో మాత్రం అక్షరం తప్పకుండా తెలుసు.

"సామానంతా మాకు అందినాదని మా సేత సంతకాలెట్టించినావు. మా స్వంతమని రాయించినావు. నువ్వే రాయించినావు. మా స్వంతం మేం అట్టుకెల్తన్నాం. దొంగతనం ఎలాగవుద్ది?"

గురునాథరావు నవ్వు ఆగింది. కారు వైపు తిరిగాడు. కారుకీ అతనికీ మధ్య కళాసీలున్నారు. వాళ్ళ వెనక ఉక్కు కార్మికులున్నారు. ఎవరూ అతని మీద చెయ్యి వెయ్యలేదు. దారి మాత్రం ఎక్కడా లేదు.

అతన్ని లారీలో, రెండు బీరువాల మధ్య కూర్చోబెట్టి పెందుర్తి తీసుకెళ్ళారు. దారంతా అతను పెద్ద పెద్ద పేర్లు చెప్పాడు.  దేముడమ్మ ఎదురుగా బిందె ఒళ్ళో పెట్టుకుని, అతని మెడ వైపు చూస్తూ కూర్చుంది. కత్తిపీట తీసుకురానందుకు ఆ దారిలో రెండుసార్లు బాధపడింది. ఆ మాట తర్వాత తనే చెప్పింది.

సి బ్లాకు ముందు, తాతబాబుకి చేసిన ఆ పొడుగు మంచాన్ని దించారు. తాతబాబు దాని పట్టె మీద చెయ్యి వేసి, "ఇది దేముడమ్మ ఇంటికే" అన్నాడు. మంచం తలవైపు షరీఫ్ పట్టుకున్నాడు. కాళ్ళవైపు, బరువంతా పడే కిందివైపు, గురునాథరావుకి ఇచ్చారు.

"నాకు నడుం నొప్పి" అన్నాడతను.

"మా బావకి నడుమే నేకుండా పోనాది" అన్నాడు గోపి. "ఎత్తు."

ఎత్తాడు. మొదటి అంతస్తు మలుపులో మంచం గోడకి తట్టుకుని అతని వేళ్ళు నలిగాయి. తలుపులన్నీ తెరుచుకున్నాయి. ప్రతి గుమ్మంలోనూ మనుషులు నిలబడ్డారు. అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది. రెండో అంతస్తులో దించబోతే, "రమణ మావని ఆస్పత్రికి నలుగురం దించినప్పుడు ఎక్కడా ఆగనేదు" అందొక ఇరుగింటి కోడలు. మళ్ళీ ఎత్తాడు. మూడో అంతస్తు చేరేసరికి అతని మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకుని దేముడమ్మ మెట్టు మెట్టుకీ చూసింది. కడుపు నిండా చూసింది.

మంచం గదిలో పెట్టాక అతను దాని మీద కూర్చోబోయాడు.

"దాని మీద కాదు" అంది దేముడమ్మ. గచ్చు చూపించింది. అక్కడ రంగు మారిన చోటుంది, ఎన్నిసార్లు కడిగినా పోనిది. "అక్కడ కూకో."

"అమ్మా..."

"కూకో. నా మొగుడికి నువ్విచ్చిన మంచం పావుగంట. నీకు నాను నా గచ్చు ఇత్తన్నాను."

అతను కూర్చున్నాడు. గది నిండా, వరండా నిండా జనం నిలబడి చూశారు. ఎవరూ తిట్టలేదు.  గురునాథరావు తలెత్తలేకపోయాడు. పోలీసు జీపుల చప్పుడు కింద వినబడేదాకా అలాగే ఉన్నాడు. దేముడమ్మ కడుపులో మంట చల్లారిందా అంటే, లేదు. అది చల్లారేది కాదని ఆ పావుగంటలో ఆమెకి తెలిసింది. కానీ ఇన్ని రోజులూ ఆమెని కాల్చిన మంట వేడి, మొదటిసారి, ఎదుటివాడి మొహానికి తగిలింది.

ఎస్సై పదకొండుమందిని అరెస్టు చేశాడు. దేముడమ్మని, షరీఫుని, గోపిని, జట్టులో ఎనిమిదిమందిని. మనిషిని ఎత్తుకుపోయారని, గోడౌన్ దోచుకున్నారని కేసు రాశారు. సామాను స్వాధీనం చేసుకోమని కానిస్టేబుళ్ళకి చెప్పాడు. వాళ్ళు మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయారు. మెట్టుకి ముగ్గురు చొప్పున, కింద నుంచి పైదాకా ఆడవాళ్ళు కూర్చున్నారు. మొదటి మెట్టు మీద తాతబాబు ఉన్నాడు.

"లెండి. దొంగసొత్తు అది" అన్నాడు ఎస్సై.

"మాకు పూర్తిగా అందిన సొత్తు సార్" అన్నాడు తాతబాబు. "సంతకం ఉంది. కావాలంటే ఆఫీసుకెల్లి సూసుకోండి. నాను లెగను. నాకు అరవయ్యైదేళ్ళు. నన్ను ఎత్తుకెల్లి జీపులో పెట్టండి, తరవాత మా ఆవిడ్ని, తరవాత ఆవిడెనక ఉన్నాళ్ళని."

ఎస్సై పైకి చూశాడు. మెట్ల వరుస మలుపు తిరిగి కనబడకుండా పోయింది. పదకొండుమందితోనే జీపులు వెళ్ళాయి. ఆ సాయంత్రం తొంభై ఆరు ఇళ్ళలో పొయ్యిలు వెలిగాయి. షరీఫ్ శిష్యులు పాతపట్నం నుంచి పనిముట్లతో వచ్చి, విరిగిన మంచాలకి కోళ్ళు వేశారు. నూరున్నీసా మిషను దగ్గర కూర్చుని, కిటికీలకి తెరలు లేని ఇళ్ళకి తెరలు కుట్టింది. సామాను దొరకని ఇళ్ళు పన్నెండు మిగిలాయి. ఆ పన్నెండిటికీ ఒకరు మంచం, ఒకరు కుర్చీ, ఒకరు రెండు గిన్నెలు, అడక్కుండానే తెచ్చి పెట్టారు.

ఆరిలోవ జైలుకి నూరున్నీసా ఎనిమిదో రోజు ములాఖత్‌కి వచ్చింది. ఊచలకి అవతల దేముడమ్మ చిక్కింది గానీ, నిలబడ్డ తీరు మారలేదు.

"సామాను?" అంది.

"ఒక్క గరిటె కూడా కదల్లేదప్పా. రోజూ వంతులేసుకుని మెట్ల మీద కూర్చుంటన్నాం. ప్లీడరు బెయిలుకి వేసినాడు. ఇంకోటి సెప్పాల. సింహాచలం అవతల కాలనీ నించి మనుషులొచ్చినారు. ఆళ్ళ పేటనీ ఆడే కూల్చినాడంట. ఆళ్ళకీ అదే ఫోటో, అదే కాగితం. ఆళ్ళ సామాను ఇంకో గోడౌన్లో ఉందని కళాసీలు జాడ తీసినారు. మనల్ని తోడు రమ్మన్నారు. సోమవారం."

"ఎంతమంది?"

"ఆళ్ళు నాలుగొందలు. మనం అందరం. ఉక్కు కాంట్రాక్టోళ్ళు సెలవు పెట్టి వత్తామన్నారు. కానీ ఆ రోజే నీ బెయిలు కోర్టులో ఉంది. ఎవరం ఎటెల్లాలో తేలక తాతబాబన్న నిన్నే అడగమన్నాడు."

వార్డరు టైమైపోయిందని కర్రతో ఊచ మీద కొట్టింది. దేముడమ్మ కదల్లేదు.

"ఇందులో అడగడానికేటుంది" అంది. "బెయిలు ఎక్కడికీ పోదు. అందరూ గోడౌనుకే ఎల్లండి."